ఆదివారం పూజ, సోమవారం టైమ్‌షీట్

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు జిల్లాలో ఒక ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్ మిషన్) పల్లె. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. నాది అమెరికా క్లయింటుకు సపోర్ట్ ఇచ్చే ఉద్యోగం, రాత్రి షిఫ్టు. నెలలో రెండు శనివారాలు రాత్రి తొమ్మిదికి ఇంటి నుంచే లాగిన్ అయితే ఆదివారం తెల్లారి ఆరుకు వదులుతారు. అప్పుడు పడుకుంటే లేచేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఇక చర్చిలో ఆదివారం పూజ (మాస్) పోయినట్టే. తెలుగు పూజ జరిగే గుడి, అంటే చర్చి, మాకు చాలా దూరం. దగ్గరలో ఉన్నది మలయాళీల గుడి. కోవిడ్ అప్పటి నుంచి యూట్యూబ్‌లో పూజ పెట్టుకుని వంట చేసుకోవడం అలవాటైపోయింది. అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి "పూజకెళ్ళావా?" అంటుంది. "వెళ్ళానమ్మా" అని అబద్ధం చెప్తాను. తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) ఒక శుక్రవారం టీమ్ లంచ్‌లో చికెన్ బిర్యానీ తినేశాను. దసరాకు ఆఫీసులో ఇచ్చిన ప్రసాదం ఎవరూ చూడకుండా టిష్యూలో చుట్టి పాంట్రీ డస్ట్‌బిన్‌లో వేశాను. అది రోజంతా మనసులో పొడిచింది. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఐదేళ్ళు దాటింది. బాబుకు నాలుగేళ్ళు, మంగళవార్త జపం (మరియమ్మ ప్రార్థన) కూడా రాదు. ఆదివారం పనమ్మాయి రాకపోతే ఇంట్లో యుద్ధమే, ఇక జపం ఎక్కడ? ఆఫీసులో పనిగంటలు రాసే టైమ్‌షీట్‌లో చేయని గంటలు వేయమంటారు, అది అందరూ చేసేదే అనుకోండి. మా నాయనమ్మలా భక్తిగా ఉండటం నా వల్ల కాదేమో. నేనింకా కతోలికురాలినేనా?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: చెల్లెమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అవును, మీరు కతోలికురాలే. జ్ఞానస్నానంతో (బాప్తిస్మంతో) పడిన ముద్ర ఏ పాపంతోనూ చెరిగిపోదని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధ. ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకొకటి అనిపించింది. మీకు నిద్ర పట్టనివ్వని వాటిలో చాలావరకు చిన్నవి. "అందరూ చేసేదే అనుకోండి" అని దాటేసిన ఆ ఒక్క వాక్యమే పెద్దది. దాని దగ్గరికి వస్తాను. ముందు పూజ సంగతి తేల్చుకుందాం, అందులో సగం చిక్కు నియమం తెలియక వచ్చిందే.

ఆదివారం పూజలో పాల్గొనడం కతోలికులకు బాధ్యత. ఏం ఫర్వాలేదులెమ్మా అని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. అయితే ఆదివారం పొద్దున పూజే పూజ అని శ్రీసభ ఎక్కడా అనలేదు. అది మీ ఊరి టైమ్. 1983లో వచ్చిన శ్రీసభ చట్టం 1248వ నిబంధన ప్రకారం ఆదివారం ఏ వేళ పూజకు వెళ్ళినా సరే, ముందురోజు సాయంత్రం వెళ్ళినా సరే, బాధ్యత తీరినట్టే. మీరు శనివారం లాగిన్ అయ్యేది రాత్రి తొమ్మిదికి. సాయంత్రం పూజ చూసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని, తీరిగ్గా సిస్టమ్ ముందు కూర్చోవచ్చు. అది కుదరలేదా, ఆదివారం సాయంత్రం ఉంది. మధ్యాహ్నం రెండుకు లేచిన మనిషికి సాయంత్రం పూజ అందకపోవడమేమిటి? కటువుగా అనిపిస్తే క్షమించండి గానీ, మిమ్మల్ని ఆపుతున్నది షిఫ్టు కాదు. అలవాటు తప్పింది, అంతే. అబిడ్స్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కతీడ్రల్, సికింద్రాబాద్‌లోని సెయింట్ మేరీస్ బసిలికా లాంటి పెద్ద గుళ్ళే కాదు, మీ పక్క పేటల్లోని విచారణలనూ (స్థానిక చర్చిలనూ) ఒకసారి కనుక్కోండి. నెట్‌లో కనిపించే టైములు పాతవై ఉండొచ్చు, విచారణ ఆఫీసుకు ఫోన్ చేసి అడగడమే మేలు.

నిజంగా కుదరని వారాలూ ఉంటాయి. ఒంట్లో బాగాలేకపోవడం, పసిపిల్లను వదిలి రాలేకపోవడం లాంటి గట్టి కారణం ఉంటే అది తప్పు కాదని శ్రీసభ బోధనల పుస్తకం సత్యోపదేశ గ్రంథమే చెబుతోంది. ఆన్‌కాల్ డ్యూటీ శని, ఆదివారాలు రెండూ మింగేసే వారం వస్తే ముందే విచారణ ఫాదర్ గారికి ఒక మాట చెప్పండి. తగిన కారణం ఉంటే మినహాయింపు ఇచ్చే అధికారం, బదులుగా ఇంకో భక్తికార్యం చేయమనే అధికారం ఆయనకున్నాయి. ఆ వారం ఇంట్లోనే ఆ రోజు సువిశేషం (సువార్త భాగం) చదువుకుని కాసేపు ప్రార్థన చేసుకోండి.

ఇక మలయాళీల గుడి. ముందు బోర్డు చదవండి. సీరో-మలబార్ అనో, సీరో-మలంకర అనో ఉంటే అది పోప్ గారితో ఐక్యంగా ఉన్న కతోలిక గుడే. నిక్షేపంగా వెళ్ళండి, దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోండి. ఏ కతోలిక సంప్రదాయంలో పూజ అయినా ఆదివారం బాధ్యత తీరుతుందని పైన చెప్పిన నిబంధనే అంటోంది. మన లాటిన్ శ్రీసభతో పాటు, ఈ రెండింటినీ కలుపుకుని 23 తూర్పు శ్రీసభలు ఈ కుటుంబంలో ఉన్నాయి. సీరో-మలబార్ వాళ్ళకు 2017లో మన శంషాబాద్ పేరుతోనే ఒక మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడింది. బోర్డు మీద ఆర్థొడాక్స్ అనో, జాకబైట్ అనో, మార్తోమా అనో ఉంటే మాత్రం అవి వేరే సంఘాలు. వాళ్ళను గౌరవించండి, కానీ అక్కడికి వెళ్ళడంతో మీ ఆదివారం పూజ అయిపోయినట్టు కాదు. భాష రాకపోయినా పూజలో ఎప్పుడు ఏం జరుగుతోందో రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. ఆ రోజు బైబిల్ పఠనాలు ముందే ఫోన్‌లో తెలుగులో చదువుకుని వెళ్తే సరి.

యూట్యూబ్ పూజ మంచాన పడ్డవాళ్ళకు, కదల్లేని పెద్దవాళ్ళకు గొప్ప ఊరట. మీకు కాళ్ళున్నాయి. ఉల్లిపాయలు తరుగుతూ పక్కన పెట్టుకున్నది పూజ కింద లెక్కకు రాదని నాకంటే మీకే బాగా తెలుసు, తెలియబట్టే కదా అమ్మకు "యూట్యూబ్‌లో చూశాను" అని చెప్పకుండా "వెళ్ళాను" అంటున్నారు.

బిర్యానీ సంగతి ఎక్కువ సేపు పట్టదు. మీ ఊళ్ళో నలభై రోజులూ నీచు ముట్టరేమో, అది ఊరి భక్తి, మంచి అలవాటు, కానీ శ్రీసభ నియమం అంత లేదు. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు విభూది బుధవారం (తపస్సు కాలం మొదటి రోజు), తపస్సు కాలపు శుక్రవారాలు మాంసం మానాలి. పద్దెనిమిది నిండినప్పటి నుంచి యాభై తొమ్మిది నిండేదాకా విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసం ఉండాలి. చేప, గుడ్డు తినొచ్చు. మరిచిపోయి తింటే మరిచిపోయినట్టే. తెలిసి, నలుగురిలో చెప్పడానికి మొహమాటపడి తింటే ఆ మాట ఫాదర్ గారి దగ్గర చెప్పుకోండి. వచ్చే ఏడు "ఈ నెల్లో నాకు శుక్రవారాలు వెజ్" అనండి. శనివారం వెజ్ అనేవాళ్ళు, గురువారం వెజ్ అనేవాళ్ళు మీ టీమ్‌లోనే ఉండి ఉంటారు. వాళ్ళెవరూ సంజాయిషీ చెప్పుకోవడం లేదు.

అమ్మకు అబద్ధం చెప్పడం ఈ ఆదివారంతో ఆపేయండి. పాతవన్నీ కూర్చోబెట్టి ఒప్పుకోనక్కర్లేదు, అది ఆవిడకు బాధ తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఇకనుంచి "ఇంకా వెళ్ళలేదమ్మా, సాయంత్రం పూజకు వెళ్తున్నా" అనండి. వెళ్ళలేని వారం "ఈ వారం కుదరలేదమ్మా" అనండి. రెండు మాటలు పడతారు. "మీ నాయనమ్మ వానలో గొడుగేసుకుని వెళ్ళేది" అని పాత పాట మొదలవుతుంది. విని ఊరుకోండి. అబద్ధం మోసే బరువు కన్నా ఆ పాట తేలిక.

సరే, టైమ్‌షీట్.

మీరు దాన్ని ఆఫీసు సంగతిగా రాశారు, భక్తి లెక్కలోకి తేలేదు. సత్యోపదేశ గ్రంథం మాత్రం తెచ్చింది. ఏడవ ఆజ్ఞ, అంటే "దొంగిలించవద్దు" కింద 2409వ పేరాలో అన్యాయపు జీతాలు, పన్ను ఎగవేత, పని సరిగ్గా చేయకపోవడం, దొంగ చెక్కులు, దొంగ బిల్లులు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. గంటకింత అని క్లయింటు డబ్బు కట్టే ప్రాజెక్టులో చేయని గంట రాయడమంటే దొంగ బిల్లు రాయడమే. డబ్బు మీ జేబులోకి రాకపోవచ్చు. కాగితం మీద పేరు మాత్రం మీది. ప్రపంచ బిషప్పులంతా కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ 1965లోనే, మనుషులు ఒప్పుకునే విశ్వాసానికి, వాళ్ళ రోజువారీ బతుకుకు మధ్య ఉన్న ఎడాన్ని ఈ కాలపు పెద్ద పొరపాట్లలో ఒకటిగా లెక్కగట్టింది. పూజ తప్పినందుకు ఇంతగా కుమిలిపోతున్న మీరు వారం వారం సబ్మిట్ నొక్కేటప్పుడు ఏమీ అనుకోకపోవడం ఆ ఎడమే. మీ ఒక్కరిదే అనడం లేదు. గుళ్ళో ముందు వరసలో కూర్చుని, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లతో పిల్లల్ని ఉద్యోగాల్లోకి తోసి, ఆ ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞతా పూజ చెప్పించుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

అయితే ముందు ఏది తప్పో సరిగ్గా చూసుకోండి. సపోర్ట్ డ్యూటీలో టికెట్ (క్లయింటు ఫిర్యాదు) రాని గంటలు చేయని గంటలు కావు. ఎప్పుడు ఏమొస్తుందో అని మీరు మేలుకుని కూర్చున్నారు, ఒప్పందం దానికే అయితే అది పనే, నిస్సంకోచంగా రాయండి. బాధపడాల్సింది, ముప్పావు గంటలో తేలిన టికెట్‌కు నాలుగు గంటలు వేసినప్పుడు. లేదా ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న వేరే అబ్బాయి గంటలు సర్దడానికి మీ ప్రాజెక్టు కోడ్ వాడమన్నప్పుడు.

చేయాల్సింది ఏమిటంటే, ఉద్యోగం మానేయడం కాదు. లూకా సువార్త మూడో అధ్యాయంలో సుంకరులు స్నాపక యోహాను దగ్గరికి వచ్చి "బోధకుడా, మేమేం చేయాలి?" అని అడుగుతారు. ఆ రోజుల్లో సుంకం వసూలు చేసేవాడంటే జనానికి అసహ్యం. అయినా ఆయన ఆ కొలువు వదిలెయ్యమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు, అంతే. సైనికులు అడిగితే ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. అడవిలో మిడతలు తిని బతికిన మనిషి ఈఎంఐలు ఉన్నవాళ్ళకు ఇంత ఆచరణగా చెప్పాడంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే.

కాబట్టి మీ గంటలు మీరు చేసినన్ని రాయండి. మిగిలిన వాటికి మీ లీడ్‌ను చాట్‌లోనే, మర్యాదగా అడగండి: "ఈ వారం టికెట్ల మీద ఇరవై ఆరు గంటలు అయ్యాయండీ, మిగతా గంటలకు ఏ కోడ్ వేయమంటారు?" చాలా కంపెనీల్లో ట్రైనింగ్‌కో, ఖాళీ సమయానికో వేరే కోడ్ ఉంటుంది. నోటితో "వేసేయ్, ఏం కాదు" అనే మనిషి రాతపూర్వకంగా అదే మాట చెప్పడానికి వెనకాడతాడు. చాలాసార్లు వ్యవహారం అక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే కంపెనీలో ఇలాంటి ఫిర్యాదులు వినే విభాగం ఉంటే దానికి చెప్పాలా, ఇంకో టీమ్‌కు మారాలా అన్నది ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి. రేటింగ్‌లో దెబ్బ తగలదని నేను హామీ ఇవ్వలేను. పక్క సీటువాళ్ళు ఏం రాస్తున్నారో చూసి వాళ్ళ పాపం కూడా మీ నెత్తిన వేసుకోవద్దు. మీ చేత్తో చేసేది వేరు, మీ చుట్టూ జరిగేది వేరు. ఇన్నాళ్ళూ రాసిన దానికి ఏం చేయాలన్నది పాపసంకీర్తనంలో అడగండి, ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి ఉంటుంది ఆ జవాబు.

ఇదే వరుసలో పనమ్మాయి మాట కూడా. మీ ఆదివారం ప్రశాంతంగా గడవాలంటే ఆమె రావాలి, నిజమే. ఆమెకు వారంలో సెలవు ఏ రోజు? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. ప్రభువు దినాన్ని ఇతరులు పాటించడానికి అడ్డొచ్చే అనవసరమైన పనులు వాళ్ళ మీద పెట్టొద్దని సత్యోపదేశ గ్రంథంలో ఒక మాట ఉంది. మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళలో ఎంతోమంది ఏదో ఒక చర్చికి వెళ్ళేవాళ్ళే. మీరు పూజ పోయిందని బాధపడుతున్న గంటలోనే ఆమె మీ సింక్ దగ్గర నిలబడి తన ప్రార్థన పోగొట్టుకుంటోందేమో, ఒకసారి అడగండి. ఆదివారం సెలవు ఇచ్చి జీతం కోయకండి. శనివారం సాయంత్రం రెండు కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆ యుద్ధం చాలావరకు ఆగుతుంది. మీ ఆయన బాబును పార్కుకు తీసుకెళ్ళి గిన్నెలు మీకు వదిలేస్తుంటే గనుక, ఆ కథ వేరు. దాని గురించి ఇంకో ఉత్తరం రాయండి.

ప్రసాదం విషయంలో మన ఇళ్ళల్లో రెండు రకాల మాటలూ వింటాం. కొరింతు పట్టణంలో సరిగ్గా ఇదే తగవు వస్తే పునీత పౌలు తన మొదటి లేఖలో 8, 10 అధ్యాయాలు దీని మీదే ఖర్చు పెట్టాడు. దేవుడొక్కడే కాబట్టి తింటే వచ్చే లాభం లేదు, తినకపోతే పోయేదీ లేదు అన్నాడు. కానీ నీ స్వేచ్ఛ వల్ల ఇంకొకరి మనస్సాక్షి దెబ్బ తినకూడదని, ఇంకో దైవారాధనలో భాగం పంచుకోవద్దని కూడా అన్నాడు. నా అభిప్రాయం అడిగితే, ఆయుధ పూజలో హారతి పట్టడం వేరు, పక్క సీటు అమ్మాయి ప్రేమగా చేతిలో పెట్టిన లడ్డూ వేరు. మొదటిది మీరు చేయరు, రెండోదాని దగ్గర గాబరా అక్కర్లేదు. అయినా మనసు ఒప్పకపోతే బలవంతాన మింగకండి. "ఏమనుకోవద్దండీ, మేం తీసుకోం" అని నవ్వుతూ చెప్తే ఎవరూ ఉరి వేయరు. మతం పేరు చెప్పుకోవడం అన్నిచోట్లా సులువు కాదని నాకు తెలుసు. అందుకే తీసుకుని ఇంకెవరికైనా ఇచ్చేసినా తప్పు పట్టను. డస్ట్‌బిన్‌లో వేయడం మాత్రం వద్దు. ఇతర మతాల్లోని సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ శ్రీసభ తోసిపుచ్చదని ఆ రెండవ వాటికన్ మహాసభే చెప్పింది. ఒకరు పవిత్రంగా చూసేదాన్ని చెత్తలో వేసినందుకే మీ మనసు పొడిచింది, ఆ పోటు సరైనదే.

పాపసంకీర్తనానికి ఐదేళ్ళు పెద్ద విషయం కాదు, అంతకన్నా ఎక్కువ ఏళ్ళు తప్పిపోయి వచ్చేవాళ్ళను ఫాదర్లు ఎంతమందినో చూసి ఉంటారు. పెద్ద పాపాలుంటే ఏడాదికి ఒక్కసారైనా చెప్పుకోవాలని నియమం. జపం మర్చిపోయానన్న భయం వద్దు. "ఫాదర్, ఐదేళ్ళయింది, ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయాను" అనండి, మిగతాది ఆయన నడిపిస్తారు. గొంతు గుర్తుపడతారని ఉంటే మీ విచారణ మానేసి ఇంకో గుడికి వెళ్ళండి. పాపసంకీర్తనంలో విన్నది బయట పెట్టే ఫాదర్‌కు శ్రీసభ నుంచి వెలి శిక్ష దానంతటదే పడుతుంది, అంత గట్టి కట్టుబాటు అది. పూజకు ముందు హడావుడిలో కాకుండా ఫోన్ చేసి టైమ్ తీసుకోండి, మీకు చెప్పుకోవాల్సింది కాస్త ఉంది.

నాయనమ్మతో పోటీ వద్దు. గుడి గంట వినిపించేంత దూరంలో ఆవిడ ఇల్లు. మూడు పూటలా త్రికాల జపం ఆ గంటే గుర్తుచేసేది. మీకు మోగేది అలర్ట్ టోన్. 2018లో పోప్ ఫ్రాన్సిస్ పవిత్రత గురించి రాసిన లేఖలో ఒక ఇల్లాలు కనిపిస్తుంది. బజారుకు వెళ్తుంది, తెలిసినావిడ కలిసి ఎవరి గురించో చాడీలు మొదలుపెడితే, నేను మాత్రం ఎవరి గురించీ చెడు మాట్లాడనని మనసులో అనుకుంటుంది. ఇంటికొచ్చాక ఒళ్ళు అలిసిపోయినా పిల్లాడు చెప్పే కబుర్లు ఓపిగ్గా కూర్చుని వింటుంది. పవిత్రతలో అదొక మెట్టు అంటారాయన. జపమాల మొత్తం కుదరని రోజు, షిఫ్టు మొదలయ్యే ముందు ఒక్క పది పూసలు. నాలుగైదు నిమిషాల పని.

బాబుకు నాలుగేళ్ళే, కంగారేం లేదు. మొదటి దివ్య సత్ప్రసాదం మాట వచ్చేది ఏడేళ్ళ దగ్గర. ఇప్పుడు రాత్రి పడుకునేముందు సిలువ గుర్తు, ఆ తర్వాత "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మీరు పైకి చెప్తుంటే చాలు. కార్టూన్ పాటలు నేర్చుకున్న నోరే కదా, ఇదీ పట్టేస్తుంది. సత్యోపదేశం క్లాసులకు ఏ వయసు నుంచి తీసుకుంటారో ఒక్కో విచారణలో ఒక్కోలా ఉంటుంది. సాయంత్రం పూజ టైమ్ కోసం ఎలాగూ ఫోన్ చేస్తారు కదా, ఆ సంగతి కూడా అప్పుడే అడిగేయండి.